మదర్‌బోర్డు మార్చాక విండోస్ యాక్టివేషన్ పోయింది: కొత్త లైసెన్స్ కొనాల్సిందేనా?

మీరు అడిగింది ఇదీ. చీపురుపల్లిలో మీరు పనిచేసే స్కూలు ఆఫీసులో ఒక అసెంబుల్డ్ సిస్టమ్ ఉంది. పిడుగులు పడిన రాత్రి దాని మదర్‌బోర్డు కాలిపోయింది. షాపులో కొత్త బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ వేశారు. ఎస్‌ఎస్‌డి మాత్రం పాతదే. విండోస్ 10 మామూలుగానే తెరుచుకుంటోంది కానీ కుడివైపు కింద మూల 'యాక్టివేట్ విండోస్' అని కనిపిస్తోంది, అంటే ఈ సిస్టమ్‌కి లైసెన్స్ ఉందని మైక్రోసాఫ్ట్ ఒప్పుకోవడం లేదు. షాపతను రెండు దారులు చెప్పాడు. వేలు పోసి కొత్త లైసెన్స్ కొనాలి, లేదంటే అయిదు వందలిస్తే ఫార్మాట్ కొట్టి 'పర్మినెంట్'గా చేసి ఇస్తాడు. ఈ వారమే హాల్ టికెట్లు ప్రింట్ తీయాలి, టెన్షన్‌గా ఉంది అన్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇప్పుడే డబ్బు కట్టకండి. ఫార్మాట్ అసలే చేయించకండి. మీ పాత లైసెన్స్ రీటెయిల్ రకమైతే, అంటే విడిగా కొన్నదైతే, కొత్త బోర్డు మీదకి తెచ్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి ముందే కలిపి ఉంటే పది నిమిషాల పని. ఓఈఎం రకమైతే, అంటే సిస్టమ్‌తో పాటు వచ్చినదైతే, కష్టం, అయినా ఒక ప్రయత్నం చేయవచ్చు. అసలు లైసెన్సే లేకపోయి ఉంటే మాత్రం కొనాల్సిందే. మీది వీటిలో ఏదో తెలుసుకోవడానికి ఒక్క కమాండ్ చాలు, కింద రాశాను.

హాల్ టికెట్ల గురించి భయపడకండి. యాక్టివేషన్ లేకపోయినా వర్డ్ తెరుచుకుంటుంది, ప్రింటర్ పనిచేస్తుంది, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ రాత మూల కనిపిస్తూనే ఉంటుంది, వాల్‌పేపర్, రంగులు మార్చుకోనివ్వదు. ఈ వారం పని ఆగదు. ముందు హాల్ టికెట్లు తీసేయండి, తర్వాత నిదానంగా ఇది చూసుకోండి.

నేను విజయనగరం కోట జంక్షన్ దగ్గర పద్దెనిమిదేళ్లుగా సిస్టమ్‌లు బాగుచేస్తున్నాను. ఏటా ఏప్రిల్, మే నెలల్లో పిడుగులకు పోయిన బోర్డులు వరసగా వస్తాయి. వాటి వెనకాలే ఈ ప్రశ్న కూడా వస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బోర్డు మారితేనే ఎందుకు పోతుంది

విండోస్ మొదటిసారి యాక్టివేట్ అయినప్పుడు మీ సిస్టమ్‌లోని భాగాలను బట్టి ఒక గుర్తు తయారై మైక్రోసాఫ్ట్ సర్వర్లలో నమోదవుతుంది. ఆ గుర్తులో అన్నిటికంటే ఎక్కువ బరువు మదర్‌బోర్డుది. ఇంట్లో మంచం, బీరువా మార్చినా డోర్ నంబరు అదే ఉంటుంది కదా, అలాగే ర్యామ్ పెంచినా, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డి వేసినా, గ్రాఫిక్స్ కార్డు మార్చినా మామూలుగా యాక్టివేషన్ పోదు. పాత బోర్డు మీదే విండోస్ మళ్లీ వేసుకున్నా, కీ అడిగినచోట 'నా దగ్గర ప్రొడక్ట్ కీ లేదు' అన్నది ఎంచుకుంటే చాలు. ఇంటర్‌నెట్ తగలగానే సర్వర్ గుర్తుపట్టి యాక్టివేట్ చేసేస్తుంది. బోర్డు మారితే మాత్రం దాని లెక్కలో అది వేరే సిస్టమ్. మీ విషయంలో జరిగింది ఇదే.

అందుకే ఫార్మాట్ వల్ల ప్రయోజనం లేదంటున్నాను. లైసెన్స్ గుర్తు బోర్డుకి, సర్వర్‌కి మధ్య ఉంటుంది. డిస్క్ తుడిచేసినంత మాత్రాన కొత్త బోర్డు పాత బోర్డు అయిపోదు. పోయేది మీ డేటా ఒక్కటే.

పలాస నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి వచ్చారు నా దగ్గరకి. బోర్డు మార్చిన చోట 'యాక్టివేషన్ రావాలంటే ఫార్మాట్ చేయాలి' అని చెప్పి చేసేశారట. సి డ్రైవ్‌లో ట్యాలీ డేటా ఉంది, బ్యాకప్ ఆరు నెలల పాతది. ఆ ఆరు నెలల్లో ఎవరికి ఎన్ని బస్తాలు వెళ్లాయో, ఎవరు ఎంత బాకీనో మళ్లీ పుస్తకాలు చూసి ఎక్కించుకున్నారు. ఫార్మాట్ చేశాక కూడా ఆ మూల రాత అలాగే ఉంది. ఆయన నా ముందు కూర్చుని 'ఏటి బాబూ, ఇదేదో ముందే చెప్పేవారు లేకపోయారు' అన్న మాట నాకింకా గుర్తుంది. మీ స్కూలు సిస్టమ్‌లో పిల్లల మార్కులు, ఫీజు లెక్కలు ఉంటాయి. దయచేసి ఎవరినీ చేయి వేయనివ్వకండి. ఈ రోజే ఒక పెన్‌డ్రైవ్‌లోకో బయటి డిస్క్‌లోకో కాపీ తీసి పెట్టుకోండి.

మీది ఏ లైసెన్సో ఇలా చూడండి

కీబోర్డు మీద విండోస్ బొమ్మ ఉన్న కీని, ఆర్‌ని కలిపి నొక్కండి. ఒక చిన్న పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్, ఎల్, ఎమ్, జి, ఆర్ అని కలిపి రాసి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ (/) పెట్టి, దాని పక్కనే డి, ఎల్, ఐ రాసి ఎంటర్ కొట్టండి. కొన్ని సెకన్లలో ఇంకో పెట్టె వస్తుంది. దానిలో 'డిస్క్రిప్షన్' అన్న లైను చివర ఉన్న మాట చూడండి.

'రీటెయిల్ ఛానల్' అని ఉంటే ఆశ ఉంది. విడిగా కొన్న లైసెన్స్ ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి మారుతుంది, ఒకేసారి రెండింటి మీద వాడకపోతే చాలు. 'ఓఈఎం' అని మొదలైతే అది సిస్టమ్‌తో పాటు వచ్చినది, ఆ బోర్డుకే కట్టుబడి ఉంటుంది. 'ఓఈఎం' తర్వాత 'డిఎమ్' అని ఉంటే కీ పాత బోర్డు బయోస్ (సిస్టమ్ ఆన్ అవగానే మొదట నడిచే ప్రోగ్రామ్) చిప్‌లోనే ఉండేదని అర్థం. కంపెనీ ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా ఇలాగే వస్తాయి. 'వాల్యూమ్' అని వస్తే అది పెద్ద సంస్థలు ఒప్పందం మీద తీసుకునే రకం. మీ స్కూలుకి అలాంటి ఒప్పందం లేకపోతే మీకంటే ముందే ఎవరో అడ్డదారిలో యాక్టివేట్ చేశారన్నమాట. అలాంటప్పుడు తిరిగి తెచ్చుకోవడానికి అసలు లైసెన్సే లేదు. ఇది వినడానికి బాధగా ఉంటుంది కానీ మా వైపు అసెంబుల్డ్ సిస్టమ్‌లలో నేను తరచూ చూసేది ఇదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది షాపుల వాళ్లు కూడా ఇక్కడే పొరబడతారు. అదే పెట్టెలో కీ చివరి అయిదు అక్షరాలు కూడా కనిపిస్తాయి. విండోస్ ప్రో ఎడిషన్‌లో (రకంలో) అవి '3వి66టి' అని గానీ, హోమ్‌లో '8హెచ్‌వి‌ఎక్స్7' అని గానీ ఉంటే, అది మీరు కొన్న కీ కాదు. డిజిటల్ లైసెన్స్ (సర్వర్‌లో నమోదైన గుర్తుతో వచ్చేది) ఉన్న సిస్టమ్‌లన్నిటికీ విండోస్ తనంతట తాను పెట్టే సాధారణ కీ. అప్పుడు 'రీటెయిల్' అని కనిపించినా నమ్మడానికి లేదు. 2015 జూలైలో విండోస్ 10 ఉచితంగా ఇచ్చినప్పుడు విండోస్ 7 ఓఈఎం సిస్టమ్‌లు కూడా ఇలాగే మారాయి. వాటి మూలం ఓఈఎమ్మే కాబట్టి హక్కు కూడా పాత బోర్డుతోనే ఉంటుంది. మీది అలా వచ్చిందా, విడిగా కొన్నదా అన్నది పాత బిల్లు చూస్తేనే తెలుస్తుంది. స్కూలు ఫైళ్లలో ఆ సిస్టమ్ కొన్నప్పటి బిల్లు వెతకండి. విండోస్ పేరు, రేటు విడిగా రాసి ఉంటే అది బంగారం లాంటి కాగితం.

ఇప్పుడు చేయాల్సినవి, ఇదే వరసలో

మొదట గడియారం చూడండి. కొత్త బోర్డులో తేదీ తప్పుగా ఉంటే యాక్టివేషన్ సర్వర్‌తో కనెక్షనే కుదరదు, ఏదో అర్థంకాని ఎర్రర్ వస్తుంది. తేదీ, సమయం, టైమ్ జోన్ సరిచేయండి. ఆపిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే బోర్డు మీద ఉండే గుండ్రటి సిఆర్2032 బ్యాటరీ మార్పించండి. వేలకు వేలు ఖర్చనుకున్న పని చిన్న బ్యాటరీతో తేలిపోయిన సందర్భాలు నా దగ్గర ఉన్నాయి.

తర్వాత పాత సిస్టమ్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోనే లాగిన్ అవ్వండి. ఆ యూజర్‌కి అడ్మినిస్ట్రేటర్ హక్కు ఉండాలి. విండోస్ 10లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ', అందులో 'యాక్టివేషన్' తెరవండి. విండోస్ 11 అయితే 'సిస్టమ్' కింద ఉంటుంది. అక్కడ 'ట్రబుల్‌షూట్' నొక్కండి. అది కాసేపు వెతికి కుదరలేదని చెప్పి, కింద 'ఐ చేంజ్డ్ హార్డ్‌వేర్ ఆన్ దిస్ డివైస్ రీసెంట్లీ' అన్న లింకు చూపిస్తుంది. దాన్ని నొక్కి పాస్‌వర్డ్ ఇస్తే మీ అకౌంట్‌కి కలిసి ఉన్న సిస్టమ్‌ల జాబితా వస్తుంది. పాత సిస్టమ్ పేరు ఎంచుకుని, ఇప్పుడు వాడుతున్నది ఇదేనని టిక్ పెట్టి 'యాక్టివేట్' నొక్కండి. అయిపోయింది.

చాలామందికి ఆ జాబితాలో పాత సిస్టమ్ కనిపించదు. కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: బోర్డు మార్చకముందు అకౌంట్ కలపలేదు, లేదా వేరే అకౌంట్ కలిపారు, లేదా పాతది హోమ్ అయితే ఇప్పుడు ప్రో వేశారు. రెండో కారణాన్ని తేలిగ్గా తీసుకోకండి. స్కూళ్లలో మీకంటే ముందు పనిచేసి మానేసిన వాళ్ల ఈమెయిల్‌తో సెటప్ చేసి ఉంటుంది. వాళ్లకి ఫోన్ చేసి అడగండి. గజపతినగరంలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల సిస్టమ్ ఇలాగే, పాత ఆపరేటర్ ఒక్క ఓటీపీ చెప్పగానే తిరిగొచ్చింది. ఆ పని కాగానే స్కూలు పేరు మీద ఒక అకౌంట్ తెరిచి దానికి మార్చుకోండి, మనిషి మారినా లైసెన్స్ స్కూలుతోనే ఉంటుంది.

అకౌంట్ దారి మూసుకుపోతే 25 అక్షరాల కీ ఉందేమో చూడండి. డబ్బాలోపలి కార్డు మీదో, కొన్నప్పుడు వచ్చిన ఈమెయిల్‌లోనో ఉంటుంది. అదే యాక్టివేషన్ పేజీలో 'చేంజ్ ప్రొడక్ట్ కీ' నొక్కి కొట్టండి. '0ఎక్స్‌సి004సి008' అని వస్తే ఆ కీ ఇప్పటికే వేరే సిస్టమ్ మీద లెక్కలో ఉందని అర్థం. మీ విషయంలో ఆ వేరే సిస్టమ్ కాలిపోయిన బోర్డే. కంగారు పడకుండా 'గెట్ హెల్ప్' యాప్ నుంచి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ వాళ్లతో చాట్ చేసి, బోర్డు కాలిపోయిందని, పాతది వాడటం లేదని చెప్పి, బిల్లు చూపించండి. '0ఎక్స్‌సి004సి003' వస్తే మాత్రం కీనే బ్లాక్ చేశారు, దాని మీద సమయం వృథా చేయకండి.

ఓఈఎం అని తేలితే? నియమం ఇలా ఉంది: వేగం కోసం బోర్డు మారిస్తే అది కొత్త సిస్టమ్ కింద లెక్క, కొత్త లైసెన్స్ కావాలి. పాడైపోయినందుకు తయారీదారు చెప్పిన అలాంటి బోర్డే వేస్తే పాత లైసెన్స్ చెల్లుతుంది. మీకు పాడైనందుకే మార్చారు కానీ వేసింది వేరే తరం బోర్డు. సపోర్ట్ వాళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పి అడగండి. నా కస్టమర్లలో కొందరికి ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. అడిగితే పోయేదేం లేదు. కంపెనీ ల్యాప్‌టాప్ అయితే కథ వేరు, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే బోర్డు మార్పిస్తే కొత్త బోర్డు బయోస్‌లోకి కీ ఎక్కించి ఇస్తారు. బయట మార్పిస్తే ఆ కీ పోయినట్టే. కాబట్టి వారంటీ ఉన్నా లేకపోయినా ల్యాప్‌టాప్ బోర్డు విషయంలో ముందు కంపెనీ రేటు కనుక్కోండి.

పాత విండోస్ 7 డబ్బా కీ ఉంది, అది కొడితే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒకప్పుడు నిజంగానే పనిచేసేది, నేనూ చాలా చేశాను. 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఆ దారి మూసేసింది.

అయిదు వందల 'పర్మినెంట్' గురించి

దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను. అది ఎక్కువగా కెఎమ్‌ఎస్ అనే పద్ధతిని మోసం చేసే ప్రోగ్రామ్. అసలు కెఎమ్‌ఎస్ అనేది సంస్థల్లో వందల సిస్టమ్‌లను యాక్టివేట్ చేయడానికి పెట్టింది, అది ఇచ్చే యాక్టివేషన్ 180 రోజులదే, మధ్యలో మళ్లీ మళ్లీ పొడిగించుకుంటూ ఉంటుంది. ఈ దొంగ ప్రోగ్రామ్ అలా పొడిగించడానికి మీ సిస్టమ్‌లో ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. అది వేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌కి అడ్మినిస్ట్రేటర్ హక్కులిచ్చి, కాపలా తీసేసి, అదే సిస్టమ్‌లో స్కూలు బ్యాంకు లాగిన్, పిల్లల ఆధార్ వివరాలు పెట్టుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకు దొరికే కీలు కూడా నాకు ఇష్టం లేదు. రాజాం నుంచి ఒక డిగ్రీ కుర్రాడు అలాంటిది కొన్నాడు. నాలుగు నెలలు బాగానే ఉంది, తర్వాత రాత్రికి రాత్రి పోయింది. నేను చూస్తే అది వాల్యూమ్ కీ. అమ్మినవాడి పేజీ అప్పటికి లేదు. కొనాల్సి వస్తే మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లో గానీ, బిల్లిచ్చే దుకాణంలో గానీ రీటెయిల్ కీ కొని, స్కూలు అకౌంట్‌కి కలపండి. రేపు ఇంకో పిడుగు పడినా అది మీతోనే వస్తుంది. అంత ఖర్చు ఇప్పుడు కుదరకపోతే ఆ మూల రాతతోనే కొన్నాళ్లు పని నడపండి. దొంగ ప్రోగ్రామ్ కంటే అదే నయం.

ఇంకెవరైనా బోర్డు మార్చబోతూ ఇది చదువుతుంటే

2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత సోంపేట, పలాస, టెక్కలి వైపు నుంచి తడిసిన సిస్టమ్‌లు కుప్పలుగా వచ్చాయి. బోర్డులు మార్చి ఇవ్వడం నాకు కష్టం కాలేదు. తర్వాత యాక్టివేషన్ కోసం 'మీ అకౌంట్ ఏది' అని అడిగితే చెప్పగలిగిన వాళ్లు చాలా కొద్దిమంది. ఇల్లూ తోటా పోగొట్టుకుని వచ్చిన మనుషులకు ఇంకో ఖర్చు చెప్పాల్సి వచ్చింది. అప్పటినుంచి స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను: విండోస్ ఎడిషన్, పైన చెప్పిన కమాండ్‌లో వచ్చిన ఛానల్, అకౌంట్ కలిసిందా లేదా, ఆ ఈమెయిల్ కస్టమర్‌కి తెలుసా. పాస్‌వర్డ్ మాత్రం నేను అడగను, మీరూ ఏ షాపులోనూ చెప్పకండి. యాక్టివేషన్ పేజీలో 'డిజిటల్ లైసెన్స్ లింక్డ్ టు యువర్ మైక్రోసాఫ్ట్ అకౌంట్' అని కనిపిస్తే నిశ్చింతగా బోర్డు విప్పవచ్చు. 'లింక్డ్' అన్న మాట లేకపోతే అదే పేజీలో అకౌంట్ కలపండి.

ఇంకొకటి, ఇది యాక్టివేషన్ కంటే పెద్ద విషయం. బోర్డు మార్చే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ చేతిలో ఉండాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో, అలాగే విండోస్ 11 24హెచ్2 అనే వెర్షన్ కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన సిస్టమ్‌లలో, డిస్క్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బోర్డు మారగానే 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్‌లో ఉన్నది నేనే కాదు, ఎవరూ తీయలేరు. బొబ్బిలి నుంచి ఒక టీచర్ గారి ల్యాప్‌టాప్‌కి నేను ఇది చూసుకోకుండా బోర్డు మార్చాను. నీలం తెర మీద కీ అడిగింది. అందులో చనిపోయిన వాళ్లాయన ఫొటోలన్నీ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉన్న వాళ్లబ్బాయి మొదట్లో తన అకౌంట్‌తో సెటప్ చేశాడని రెండు రోజులకు తెలిసింది, కీ అతని అకౌంట్‌లో దొరికింది. ఆ రెండు రోజులూ నాకు నిద్ర లేదు. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి 'డివైసెస్' కింద చూస్తే ఆ కీ ఉంటుంది. కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టుకోండి.

కంపెనీ ల్యాప్‌టాప్‌కి కొత్త ఎస్‌ఎస్‌డి వేయించాక యాక్టివేషన్ పోయిందని వచ్చేవాళ్లకి ఒక్క మాట. మన దగ్గర అమ్మే చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండేది 'హోమ్ సింగిల్ లాంగ్వేజ్'. షాపులో అలవాటుగా ప్రో వేస్తారు. కీ బోర్డులో భద్రంగానే ఉంటుంది, ఎడిషనే సరిపోక రాదు. డేటా కాపీ తీసి సింగిల్ లాంగ్వేజ్ వేయించండి, నెట్ తగలగానే అదే వస్తుంది. ఫార్మాట్ నిజంగా పనికొచ్చేది ఈ ఒక్క సందర్భంలోనే.

ట్యాలీ వాడుతుంటే దాని లైసెన్స్ కూడా సిస్టమ్‌కి ముడిపడి ఉంటుంది. బోర్డు ఇంకా బతికి ఉంటే మార్చే ముందే ట్యాలీలో లైసెన్స్ సరెండర్ చేసి, తర్వాత మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి.

మీకు ఇంకొకటి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆపేసింది. మీ కొత్త బోర్డులో టిపిఎమ్ 2.0 (భద్రత కోసం ఉండే భాగం) ఉండి, ప్రాసెసర్ కూడా సరిపోతే విండోస్ 11కి వెళ్లవచ్చు, 10 లైసెన్సే దానికీ చెల్లుతుంది. ముందు 10 మీద యాక్టివేషన్ తెచ్చుకుని, ఆ తర్వాతే 11కి మారండి. రెండూ ఒకేసారి చేస్తే ఎక్కడ తప్పు జరిగిందో తెలుసుకోవడం కష్టం.

ఆ కమాండ్ కొట్టాక 'డిస్క్రిప్షన్' లైను, కీ చివరి అయిదు అక్షరాలు, యాక్టివేషన్ పేజీలో కనిపించిన ఎర్రర్ నంబరు ఇక్కడ రాయండి. పూర్తి కీ గానీ, అకౌంట్ వివరాలు గానీ పెట్టకండి. రాత్రి షాపు మూశాక చూసి, ఏ దారిలో వెళ్లాలో చెబుతాను. అసెంబుల్ చేసినప్పటి బిల్లు దొరికితే దాని మీద విండోస్ అని విడిగా రాసి ఉందో లేదో కూడా చెప్పండి.